తెర మీద తెలిసిన చోటు

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సంస్థవారి సాధారణ రక్షణ సహాయము ముగిసినది. విండోస్ 11కు టిపిఎమ్ 2.0 అను భద్రతా సాధనమును, కొత్త తరహా ప్రాసెసరును కావలెను. ఇవి లేని కంప్యూటర్లు పాఠశాలలలోను, ఇండ్లలోను నేటికిని పనిచేయుచునే యున్నవి. వానిని పారవేయనొల్లనివారు ఉచితముగా లభించు లినక్స్ వైపు చూచుచున్నారు. అయితే లినక్స్‌లో తెర రూపములు పెక్కు గలవు. యంత్రముల లోతుపాతు లెరుగని ఉపాధ్యాయున కేది ఇయ్యవలెనన్నదే ప్రశ్న.

ఖాళీగా కనిపించు తెరయే సులభమని పలువురి భ్రమ. 1995 నుండి తెర అడుగున ఎడమ మూల నుండిన స్టార్ట్ బొత్తామును 2012లో విండోస్ 8 తొలగించి, దాని మారుగా రంగు పలకలను పరచినది. పలకలు అందముగానే యుండెను. కంప్యూటరును ఆపుట యెట్లో తెలియక జనులు చిక్కుపడిరి. మరుసటి యేడే బొత్తాము తిరిగి వచ్చినది. పాత మెనూ మాత్రము 2015లో విండోస్ 10తో గాని రాలేదు. లినక్స్‌లోను 2011లో గ్నోమ్ 3 పాత అమరికను మార్చగా, అది నచ్చనివారు సిన్నమన్ అను తెరను కల్పించుకొనిరి.

యాబదియవ యేట మౌసు పట్టిన ఉపాధ్యాయిని నేర్చినది సూత్రము కాదు, చోటు. ఆమెకు మార్కుల పట్టిక యనగా ఎడమవైపు మూడవ బొమ్మ. అది కదలినచో ఆమె తన శిష్యునే పిలిచి అడుగవలెను. పైగా తప్పు తనదేయని సిగ్గుపడును. ఇట్టివారికి లినక్స్ మింట్‌లోని సిన్నమన్, యంత్రము మరీ పాతదైనచో ఎక్స్‌ఎఫ్‌సిఇ తగును. రెంటను క్రింద పట్టీ, ఎడమ మూల మెనూ యుండును.

తెలుగు తెర మేలు గదా యనవచ్చును. నిజమే. కాని కొన్ని అనువాదములలో ఫైలు దస్త్రమైనది, ఫోల్డరు సంచయమైనది. పదములు చక్కనివే, అయినను ఫోనులో కుమారుడు ఫోల్డరు తెరువుమనగా తల్లి యెదుట సంచయ మున్నచో ఏమి చేయగలదు? ఫోల్డరును తెలుగు లిపిలో ఫోల్డరనియే వ్రాసిన భాషకు వచ్చు లోటు లేదు.

తెరను అమర్చి యిచ్చువాడు, మార్కుల పట్టికను తెరచి, అచ్చుతీసి, యంత్రమును ఆపుమని ఆమెనే కోరి, ప్రక్కన నోరు మెదపక నిలువవలెను. ఆమె చేయి ఎక్కడ ఆగునో, అక్కడ మార్చవలసినది తెర.