నెట్ పోయిన రోజున పనికొచ్చే తీగ

2021 అక్టోబర్ 4 రాత్రి తొమ్మిది దాటాక తెలుగు ఇళ్లలో వాట్సాప్ మూగబోయింది. అప్పుడు జరిగింది ఇదీ: వాట్సాప్‌ను నడిపే ఫేస్‌బుక్ సంస్థలో రోజువారీ నిర్వహణ కోసం ఇచ్చిన ఒక ఆదేశం, దాని డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌ను మొత్తంగా తెంపేసింది. అలాంటి ఆదేశాన్ని అడ్డుకోవాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంది. సరిచేయగల ఇంజినీర్లున్నారు గానీ యంత్రాల దాకా వాళ్లకు దారి లేదు. ఇలాంటి వేళ కోసమే విడిగా పెట్టుకున్న నెట్‌వర్క్ కూడా పడిపోయిందని సంస్థే తర్వాత వెల్లడించింది. చివరికి మనుషులను డేటా సెంటర్లకు పంపాల్సి వచ్చింది. సేవలు తిరిగి అందేసరికి దాదాపు 6 గంటలు పట్టింది.

నెట్‌వర్క్ మీద ఆధారపడని దారి ఒకటి యూనిక్స్, దాని బాటలో వచ్చిన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల ప్రపంచంలో మొదటి నుంచీ ఉంది. అదే సీరియల్ కన్సోల్. పంపడానికి ఒకటి, అందుకోవడానికి ఒకటి, గ్రౌండ్‌కు ఒకటి: మూడు తీగలు చాలు. ఈ కొసన ల్యాప్‌టాప్, ఆ కొసన సర్వరో రూటరో. ఐపీ అడ్రస్ అక్కర్లేదు, పేరును అడ్రస్‌గా మార్చే డీఎన్‌ఎస్ అక్కర్లేదు. రెండు వైపులా వేగం ఒకటే పెట్టుకుని ఎంటర్ కొడితే తెర మీద లాగిన్ అడుగుతుంది.

దీని విలువ తెలియాలంటే లినక్స్ సర్వర్లు నడిపేవాళ్లకు బాగా తెలిసిన ఒక చిక్కు చూడాలి. ఏ డిస్కును ఎక్కడ తగిలించాలో చెప్పే ఎఫ్‌స్టాబ్ ఫైలులో ఎవరో ఒక వరుస తప్పు రాస్తారు. ఆ రోజు ఏమీ కాదు. నెలల తర్వాత సర్వర్‌ను రీస్టార్ట్ చేసినప్పుడు, అది లేని డిస్కు కోసం ఒకటిన్నర నిమిషం ఎదురుచూసి, ఎమర్జెన్సీ మోడ్‌లోకి జారి, రూట్ పాస్‌వర్డ్ అడుగుతూ నిలిచిపోతుంది. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ అప్పటికి మొదలే కాదు. ఊరవతల ఉన్న అడ్మిన్‌కు ఆ సర్వర్ చచ్చినట్టే లెక్క. కన్సోల్ ఎదుట కూర్చున్న మనిషికి మాత్రం దొరకని డిస్కు పేరుతో సహా కనిపిస్తుంది. వరుస దిద్ది మళ్లీ బూట్ చేస్తే సరి. జబ్బు ఒకటే. ఒకరు కళ్లతో చూస్తున్నారు, మరొకరు తలుపు బయట నిలబడి ఊహిస్తున్నారు.

ఇంట్లో లినక్స్ వాడేవాళ్లకూ ఇందులో వాటా ఉంది. తెర బిగుసుకుపోగానే చాలామంది చెయ్యి పవర్ బటన్ మీదికి పోతుంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కితే, లినక్స్ గుండె అయిన కెర్నెల్ బతికి ఉన్నంతవరకు, నల్లని తెర మీద మరో లాగిన్ దొరుకుతుంది. దాని పేరే వర్చువల్ టెర్మినల్. మొరాయించిన ప్రోగ్రామును అక్కడి నుంచి ఆపి వెనక్కి రావచ్చు.

ఈ టెర్మినళ్లను యూనిక్స్ నేటికీ టీటీవై అనే పిలుస్తుంది. అది టెలిటైప్ యంత్రాల నుంచి వచ్చిన పేరు. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ కట్టిన రోజుల్లో బెల్ ల్యాబ్స్‌లో వాడిన టెలిటైప్ మోడల్ 33 సెకనుకు 10 అక్షరాలు కాగితం మీద కొట్టేది. 1991లో లినస్ టోర్వాల్డ్స్ హెల్సింకి యూనివర్సిటీ కంప్యూటర్‌కు ఫోన్ లైన్ మీదుగా కలవడానికి రాసుకున్న టెర్మినల్ ప్రోగ్రామే పెరిగి పెద్దదై లినక్స్ అయింది.

క్లౌడ్ వచ్చాక ఇవన్నీ ఎందుకన్న వాదన ఉంది. అది నిలవదు. తమ క్లౌడ్ సర్వర్లకు సీరియల్ కన్సోల్ కావాలని అడిగే కస్టమర్ల కోసం అమెజాన్ 2021 మార్చిలో ఆ సదుపాయం తెచ్చింది. చేత్తో తాకలేని యంత్రానికి కన్సోల్ అవసరం ఇంకా ఎక్కువ.

భద్రత గురించిన భయం మాత్రం నిజమైనదే. లాగవుట్ చేయకుండా వదిలేసిన కన్సోల్ అంటే తాళం వేయని బీరువా. దానికి పాస్‌వర్డ్, ఎవరు ఎప్పుడు వాడారన్న రికార్డు తప్పనిసరి. ఇంకో ప్రమాదం పైకి కనిపించదు: కన్సోల్‌కు వెళ్లే దారి కూడా ప్రధాన నెట్‌వర్క్ మీదే ఆధారపడి ఉండటం. 2022 జులై 8న కెనడాలో రోజర్స్ టెలికాం నెట్‌వర్క్ కుప్పకూలినప్పుడు జరిగింది అదే. దాన్ని బాగుచేసేవాళ్లు వాడే నిర్వహణ నెట్‌వర్క్ కూడా దానితోపాటే పోయింది. కోటి 20 లక్షలకు పైగా కస్టమర్లకు సేవలు ఆగాయి. డెబిట్ కార్డులు పనిచేయలేదు, అత్యవసర నంబరు 911కు కొందరి ఫోన్లు కలవలేదు.

హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రం 2022 నవంబర్ నుంచి నడుస్తోంది. విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి పెడతామని గూగుల్ 2025 అక్టోబర్‌లో ప్రకటించింది. భూమి రికార్డుల నుంచి రేషన్ దాకా సర్వర్ల మీదికి చేరుతున్న రెండు తెలుగు రాష్ట్రాలు, ప్రతి టెండర్‌లో మూడు ప్రశ్నలు రాయించాలి. ప్రధాన నెట్‌వర్క్ పోతే సర్వర్‌ను ఏ దారిన చేరతారు? ఆ దారి ఎవరి లైన్ మీదుగా పోతుంది? దాన్ని చివరిసారి ఎప్పుడు వాడి చూశారు? మూడో దానికి తేదీ చెప్పలేని సంస్థకు పని ఇవ్వకూడదు.

ఇంజినీరింగ్ కాలేజీల్లో దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. రెండు పాత కంప్యూటర్లు, సీరియల్ కేబుల్ ఒకటి, ల్యాప్‌టాప్‌కు పోర్టు లేకపోతే యూఎస్‌బీ అడాప్టర్. ఒక విద్యార్థి ఎఫ్‌స్టాబ్‌ను చెడగొట్టి నెట్ కేబుల్ పీకేయాలి. రెండో విద్యార్థి పక్క గదిలోంచి, ఆ సీరియల్ తీగ ఒక్కదాని మీదుగా, యంత్రాన్ని మళ్లీ లేపాలి. ల్యాబ్ పరీక్షలో దీనికి మార్కులు పెట్టాలి.