కాళ్లకు పాడేరు కొండలు చాలు, ఊపిరికి చాలవు

చలికాలం దగ్గరపడిందంటే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజ్‌లు. "బ్రో, డిసెంబర్‌లో హిమాలయాలకు వెళ్తున్నాం. ఏ షూ కొనాలి? జాకెట్ అద్దెకు దొరుకుతుందా?" మాది పాడేరు, పైగా సెలవు దొరికితే కొండల్లోనే ఉంటానని తెలుసు కాబట్టి నన్ను అడుగుతారు. చివర్లో ఒక ముక్తాయింపు కూడా ఉంటుంది: "వంజంగి రెండుసార్లు ఎక్కాంలే, ఇబ్బందేం ఉండదు." షూ సంగతి తేలిగ్గానే చెప్పేస్తాను. నాకు భయం వేసేది ఆ ముక్తాయింపు దగ్గరే.

మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి. గోవింద్ పశు విహార్ నేషనల్ పార్క్‌లో ఉంటుంది. సాంక్రి అనే ఊరి నుంచి ఒక దారిన ఎక్కి, ఇంకో దారిన దిగి, మళ్లీ సాంక్రికే చేరొచ్చు. దీన్నే లూప్ ట్రెక్ అంటారు. సాంక్రి సుమారు 1,950 మీటర్ల ఎత్తులో ఉంటే, శిఖరం సుమారు 3,800 మీటర్లు. మన పాడేరు 900 మీటర్లు. తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయినదిగా చెప్పే మన అర్మకొండ దాదాపు 1,680 మీటర్లు. అంటే మన కొండలన్నిటికీ పెద్దన్న నెత్తిమీద నిలబడినా సాంక్రి బస్టాండంత ఎత్తుకి కూడా చేరలేదన్నమాట!

అలాగని మన కొండలు దేనికీ పనికిరావని కాదు. నేర్పాల్సిన మూడు పాఠాల్లో రెండు ఇవే నేర్పుతాయి.

మొదటి పాఠం దిగడం. అందరూ ఎక్కడానికే తయారవుతారు. ఎక్కేటప్పుడు రొప్పు వస్తే ఆగి నీళ్లు తాగొచ్చు. దిగేటప్పుడు మాత్రం ఒంటి బరువు, బ్యాగు బరువు ప్రతి అడుగులోనూ తొడల మీదా మోకాళ్ల మీదా పడతాయి. ఆ నొప్పి అప్పటికప్పుడు తెలియదు, మర్నాడు తెలుస్తుంది. మర్నాడు కూడా నడక ఉందంటే ఇక చూసుకోండి. సంతకి నెత్తిన బరువుతో కొండ దిగే మన గిరిజన ఆడవాళ్లను ఒకసారి గమనించండి. చిన్న చిన్న అడుగులు, మోకాలు కాస్త వంచి, ఎక్కడా పరుగు లేకుండా దిగుతారు. ఏ జిమ్ ట్రైనరూ ఇంత బాగా చూపించలేడు.

నేను చెప్పే లెక్క పన్నెండు వారాలు. మొదటి నాలుగు వారాలు వారానికి మూడు రోజులు గంటసేపు మెట్లెక్కి దిగడం, ఆదివారం ఒక కొండ. తర్వాతి నాలుగు వారాలు అదే పని వీపున ఐదు కిలోల బరువుతో. ఆ తర్వాత మూడు వారాలు బరువు ఎనిమిది, పది కిలోలకు పెంచి శని, ఆది వరుసగా రెండు రోజులూ ఐదారు గంటలు నడక. ఈ రెండో రోజే అసలు పరీక్ష. చివరి వారం విశ్రాంతి. వంజంగిలో బండి వెళ్లినంత దూరం వెళ్లి, మిగతాది నడిచి, మేఘాల ముందు సెల్ఫీ దిగి వచ్చేస్తే అది షికారు. అదే కొండ బరువుతో రెండుసార్లు ఎక్కి దిగి, మర్నాడు మళ్లీ వస్తే అది సాధన. ఊరివాళ్లలో ఒకరిని దారి చూపడానికి వెంట తీసుకెళ్లండి. వాళ్లకీ నాలుగు డబ్బులు, మీకూ క్షేమం.

రెండో పాఠం తడి. మన దగ్గర పొగమంచులో గంట నడిస్తే జీన్స్ తడిసి ముద్దవుతుంది. ఇక్కడైతే కిందికొచ్చి వేడివేడి కాఫీ తాగితే సరి. అక్కడ అలా కుదరదు. వెయ్యి మీటర్లు పైకి వెళ్తే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. తడిబట్టకి గాలి తోడైతే ఒంట్లో వేడి వేగంగా పోతుంది. సున్నా డిగ్రీలకు దిగకపోయినా ఈ ప్రమాదం ఉంటుంది. 2024 జూన్‌లో ఉత్తరకాశి జిల్లాలో సహస్రతాల్ ట్రెక్‌కి వెళ్లిన కర్ణాటక బృందం తిరిగొస్తూ మంచుతుఫానులో చిక్కుకుంది. తొమ్మిది మంది చనిపోయారు. నడిఎండాకాలంలో జరిగిన సంగతి ఇది. అందుకే నూలు బట్టలు వద్దు. తొందరగా ఆరే బట్టలు, పైన ఉన్ని, దానిపైన వాన ఆగే జాకెట్ కావాలి. ఒక జత పొడిబట్టలు ప్లాస్టిక్ సంచిలో కట్టి, నిద్రపోయేటప్పటికి తప్ప బయటికి తియ్యొద్దు. ఈ సరంజామా అంతా పాడేరు వానలోనే ఒకసారి వేసుకుని చూడండి. ఏది కారుతుందో ఇక్కడే తేలిపోతుంది.

మూడో పాఠం ఎత్తు. దీన్ని మాత్రం మన కొండలు నేర్పలేవు. పైన గాలిలో ఆక్సిజన్ పాలు తగ్గదు, గాలి ఒత్తిడి తగ్గుతుంది. 5,500 మీటర్ల దగ్గర ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సగమే. దానికి శరీరం అలవాటు పడటానికి రోజులు పడుతుంది. మారథాన్ పరుగెత్తేవాడికైనా అంతే. ఫిట్‌నెస్ ఉన్నవాడు గబగబా ఎక్కేస్తాడు కాబట్టి వాడికే ఒక్కోసారి ముందు దెబ్బ తగులుతుంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మన పూర్ణ, ఆనంద్‌ల కథ అందరికీ తెలుసు. భువనగిరి బండరాయి మీద మొదలుపెట్టారని చెప్పుకుంటాం. ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్‌లో మంచుకొండల మీద శిక్షణ పొందారన్నది మర్చిపోతాం. బండరాయి ధైర్యం నేర్పింది. ఎత్తు మాత్రం ఎత్తులోనే నేర్చుకున్నారు.

డాక్టర్లు చెప్పే సూత్రం సులువే. 3,000 మీటర్లు దాటాక, నిద్రపోయే చోటు రోజుకి 500 మీటర్లకు మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకరోజు ఆగాలి. తలనొప్పితో పాటు వికారమో, కళ్లు తిరగడమో ఉంటే ఇంకా పైకి వెళ్లకూడదు. తాగినవాడిలా తూలుతున్నా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా రాత్రి, పగలు చూడకుండా కిందికి దించాలి. అనుమానం వస్తే మడమకి వేళ్లు ఆనించి గీతమీద నడిపించండి. నడవలేకపోతే దించెయ్యడమే. డయామాక్స్ మాత్ర డాక్టర్‌ని అడక్కుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇదంతా తెలిసినవాళ్లు కూడా ఎందుకు ఆగరంటే, కారణం క్యాలెండర్. మా సాఫ్ట్‌వేర్ వాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. శుక్రవారం సాయంత్రం ఫ్లైట్, వచ్చే సోమవారం పొద్దున స్టాండప్ మీటింగ్. మధ్యలో ఒక్క రోజు కూడా ఖాళీ ఉండదు. చాలా ప్యాకేజీల్లో సాంక్రి నుంచి నడక మొదలైన మూడో తెల్లవారికే కేదార్‌కంఠ శిఖరం. ఒకడికి తలనొప్పి వస్తే చెప్పడు. తన వల్ల పదిమంది ప్లాన్ పాడవుతుందని మాత్ర మింగి నడుస్తాడు. లూప్‌లో ఇది ఇంకా ప్రమాదం. వెళ్లిన దారినే తిరిగొచ్చే ట్రెక్‌లో వెనక్కి తిరిగితే తెలిసిన దారే. లూప్‌లో సగం దాటాక "ఇంత దూరం వచ్చాం, ముందుకే దగ్గర" అనిపిస్తుంది. అదే సాంక్రి వైపు నుంచి మొదలై యమునోత్రి వైపు దిగే బాలి పాస్ దాదాపు 4,950 మీటర్లు. అక్కడ కనుమ దాటాక మనసు మార్చుకోవడం అంటే మాటలు కాదు.

అందుకే షూ గురించి అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: లీవ్ ఎన్ని రోజులు పెట్టారు? ప్యాకేజీకి ఆరు రోజులైతే ఎనిమిది పెట్టండి. ఒకటి వాతావరణానికి, ఒకటి ఒంటికి. ఎనిమిది దొరక్కపోతే ఈ ఏడాది అర్మకొండ చూడండి, అది ఎక్కడికీ పోదు. బయల్దేరే ముందు రాత్రి అందరూ కూర్చుని రెండు మాటలు కాగితం మీద రాసుకోండి. శిఖరం రోజున ఎన్ని గంటలకల్లా చేరకపోతే వెనక్కి తిరగాలి, ఎవరికైనా బాగోకపోతే వాడితో ఎవరు దిగుతారు. ఆ కాగితం ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి. ఏ రోజు ఏ వేళ దాకా ఫోన్ రాకపోతే ఎవరికి చెయ్యాలో నంబరుతో సహా. అమ్మ భయపడుతుందని దాచొద్దు. ఏమీ తెలియనప్పుడే ఆవిడ ఎక్కువ భయపడుతుంది.

ఇక షూ అంటారా... కొత్తది ట్రెక్ ముందురోజు కాదు, రెండు నెలల ముందు కొనండి.