పొలంలో తిరిగే యంత్రానికి రోడ్డు పన్ను

సంపాదకులు గారికి,



తుంగభద్ర ఎడమ కాలువ కింద గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతాలలో స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల చిక్కు నొకదానిని తమ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికీ, అధికారుల దృష్టికీ తేదలచినాను. రోడ్డు ఎక్కని యంత్రానికి రోడ్డు పన్ను కట్టవలెనా, అక్కరలేదా అన్నదే ఆ చిక్కు. పైకి చూస్తే చిన్నదే. కాని ఈ ప్రశ్నకు తుంగభద్ర ఆ ఒడ్డున ఒక జవాబు, ఈ ఒడ్డున ఒక జవాబు వచ్చేటట్టున్నది. రెండు ఒడ్డులా చుట్టరికాలు, రెండు ఒడ్డులా పొలం పనులు ఉన్న మాబోటివారికి ఇది వకీళ్లకు వదిలిపెట్టదగిన చర్చ కాదు.

1953లో ఆనకట్ట నీరు వదలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మా పెద్దలు ఇక్కడికి వచ్చినారు. అక్కడ ఎకరం మాగాణి అమ్మితే ఇక్కడ ఎన్నో ఎకరాల నల్లరేగడి వచ్చే రోజులవి. తుమ్మచెట్లు కొట్టించి, గట్లు పోయించి, మడులు కట్టి వరి పెట్టినారు. పాకలు వేసుకొన్న రోజులలో వచ్చిన ‘క్యాంపు’ అన్న పేరు మేడలు లేచిన తరువాత కూడా పోలేదు. మా పిల్లలు, వారి పిల్లలు కన్నడ బడులలో చదువుకొన్నారు. సర్కారు కాగితాలు మాకు పరాయివి కావు. ఈ మాట ముందే చెప్పడం మంచిది, ఎందుకంటే పొరుగు రాష్ట్రంలోని తెలుగువాడు పత్రికకు ఉత్తరం రాసినాడంటే అది భాష తగవే అయివుంటుందని అనుకొనేవారున్నారు. నాది భాష తగవు కాదు, పన్ను తగవు.

ఆనాడు ఎద్దులు, కొడవళ్లు. ఈనాడు దమ్ముకు ట్రాక్టరు, కోతకు మిషను. కోత మిషనులలో రెండు రకాలున్నాయి. రబ్బరు చక్రాలది ఒకటి, గొలుసు పట్టాలది ఇంకొకటి. రెండవదానిని మేము చైను మిషను అంటాము. వాన పడి మడి ఆరకముందే కోయవలసి వచ్చినప్పుడు చక్రాల మిషను రేగడిలో ఇరుసుదాకా దిగబడుతుంది. చైను మిషను తన బరువును పట్టా పొడుగునా పరచుకొని పైపైన నడిచిపోతుంది. అందుకే దాని అద్దె గంటకు ఎక్కువైనా రైతు దానికోసం క్యూలో నిలబడతాడు. తారురోడ్డు మీద మాత్రం దానికి నడక లేదు. నడిపితే పట్టా అరుగుతుంది, రోడ్డూ చెడుతుంది. అందుచేత ఊరినుంచి ఊరికి దానిని లారీమీద ఎక్కించి తీసుకొనిపోతారు. లారీ పన్ను కట్టినది, టోలు కట్టినది. మిషను ఆ లారీమీద సరుకు. అది దిగేది పొలం గట్టున, తిరిగి ఎక్కేదీ పొలం గట్టునే.

ఇటువంటి యంత్రంతో మా చెల్లెలి అల్లుడు కర్నూలు వైపునుంచి మొన్నమొన్న మా తాలూకాకు కోతకు వచ్చినాడు. మడిలో మిషను నడుస్తూ ఉండగా రిజిస్ట్రేషను ఏది, పన్ను రసీదు ఏది అని అడిగినారు. ఒక కార్యాలయానికి పోతే ఇది వాహనమేనని చెప్పినారు. మరొక కార్యాలయంలో గొలుసు బండికి మా దగ్గర పద్దే లేదు పొమ్మన్నారు. మధ్యవర్తి ఒకడు, రెండూ తప్పే, తనకు ముట్టవలసినది ముట్టితే మూడవ దారి ఉన్నదన్నాడు. ఆ దారి పట్టలేదు. మూడు రోజులు మిషను గట్టున నిలిచింది. మూడవనాటి రాత్రి వాన పడి చేను ఒరిగింది. ఒరిగిన వరిని ఏ మిషను కోసినా గింజ నేలపాలు కాక తప్పదు. నష్టపోయినవాడు మిషను యజమాని కాదు, ఆ చేను కౌలుకు చేస్తున్న కన్నడ రైతు. కాబట్టి ఇది ఒక్క తెలుగువారి గోడు కూడా కాదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. వాహనాలమీద పన్ను వేసే అధికారం రాష్ట్రాలకు రాజ్యాంగం 7వ షెడ్యూలులో రాష్ట్రాల జాబితా 57వ అంశం వల్ల వచ్చినది. అక్కడ ఉన్న మాట ‘రోడ్లమీద వాడకానికి తగిన’ వాహనాలు అని. అంటే పన్నుకు మూలం రోడ్డు. రిజిస్ట్రేషను సంగతి వేరు. అది 1988 నాటి కేంద్ర మోటారు వాహనాల చట్టం కిందిది. దాని 39వ సెక్షను ప్రకారం రిజిస్టరు కాని మోటారు వాహనాన్ని బహిరంగ స్థలంలోగాని ‘మరే ఇతర స్థలంలోగాని’ నడపరాదు. ఆ ఇతర స్థలంలో మా మడి కూడా వచ్చి పడింది. చిత్రమేమంటే అదే చట్టం 146వ సెక్షనులో ఇన్సూరెన్సు తప్పనిసరి అన్నది బహిరంగ స్థలానికి మాత్రమే.

ఫ్యాక్టరీలోగాని, ఆవరణ కట్టిన మరొక చోటగాని మాత్రమే వాడేటట్టు తయారైన ప్రత్యేక రకం వాహనం అసలు మోటారు వాహనమే కాదని ఆ చట్టమే 2వ సెక్షనులో మినహాయించింది. ప్రహరీగోడ ఉన్న కర్మాగారానికి అందిన ఈ మినహాయింపు గోడలేని పొలానికి అందదు. వరిమడికి ఎవరైనా ప్రహరీ కడతారా?

ఇక కర్ణాటక పన్ను చట్టం. 1957 నాటిది. రోడ్లమీద వాడకానికి తగిన వాహనాలకే పన్ను అని 3వ సెక్షను చెప్పి, దాని కిందనే ఒక వివరణ చేర్చింది. రిజిస్ట్రేషను పత్రం అమలులో ఉన్న వాహనం రోడ్డుకు తగినదేనని భావించవలెనట. 1987లో ఈ రాష్ట్రం నుంచే వెళ్లిన గోపాలకృష్ణ షెనాయ్ కేసులో సుప్రీంకోర్టు ఈ వివరణను బలపరచి, బండి రోడ్డుమీద తిరిగే స్థితిలో లేకపోయినా పత్రం అమలులో ఉన్నంతకాలం పన్ను బాకీయేనని తీర్పు చెప్పింది. ఇప్పుడు ముడి ఎక్కడ పడిందో పాఠకులు గ్రహించే ఉంటారు. రిజిస్టరు చేయించకపోతే మడిలో నడపడమే నేరం. చేయించితే ఆ కాగితమే రోడ్డుకు తగినదన్న సాక్ష్యం. చెరువుకు పోతే మొసలి, గట్టున ఉంటే పులి.

ఈ ముడి విప్పరానిదేమీ కాదు. 1974లో ఒరిస్సాలోని బొలానీ ఇనుపగనుల కేసులో సుప్రీంకోర్టు దీనిని విప్పి చూపించింది. గని ఆవరణలోనే తిరిగే డంపర్లు, రాకర్లు అనే యంత్రాలను రిజిస్టరు చేయించవలసినదే, కాని అవి యజమాని ఆవరణ దాటనంతకాలం ఆనాటి బీహారు ఒరిస్సా పన్ను చట్టం కింద వాటికి పన్ను లేదు అన్నది ఆ తీర్పు సారం. రిజిస్ట్రేషను ఒకటి, పన్ను ఒకటి అని యాభై ఏళ్ల కిందటే తేలిపోయిన మాట ఇది.

ఇటీవల 2025 ఆగస్టు 29న విశాఖపట్నం ఉక్కు కర్మాగారం విషయంలో వచ్చిన తీర్పును తెలుగు పత్రికలు చదివేవారు చూసే ఉంటారు. కర్మాగారపు సరుకుల యార్డులో మాత్రమే తిరిగిన 36 వాహనాలకు ఒక రవాణా సంస్థ చేత 22 లక్షల పైచిలుకు పన్ను కట్టించుకొన్నారు. యార్డుకు చుట్టూ గోడ, ద్వారాల దగ్గర కాపలా. అది బహిరంగ స్థలం కాదు, అక్కడికే పరిమితమైన బండికి పన్ను కుదరదు అని సుప్రీంకోర్టు తేల్చింది. రోడ్డు సదుపాయం పొందినందుకు కట్టేదే ఈ పన్ను అన్న న్యాయసూత్రాన్ని కూడా మళ్లీ చెప్పింది.

అయితే ఆ సంస్థకు ఆ మేలు జరగడానికి కారణం 1963 నాటి ఆంధ్రప్రదేశ్ పన్ను చట్టంలో ఉన్న ‘బహిరంగ స్థలంలో’ అన్న ఒక్క మాట. తెలంగాణలోనూ నడుస్తున్నది అదే చట్టం. కర్ణాటక చట్టంలో ఆ మాట లేదు, ఆ స్థానంలో నేను పైన చెప్పిన వివరణ ఉన్నది. కనుక ఒకే కంపెనీ చేసిన, ఒకే రంగు వేసిన రెండు చైను మిషనులు నదికి చెరొక ఒడ్డున ఒకే రకం వరి కోస్తున్నా, ఆ ఒడ్డు యజమానికి కోర్టులో చెప్పుకోవడానికి ఒక ఆధారం ఉన్నది, ఈ ఒడ్డు యజమానికి అది లేదు.

ఇక్కడ అధికారుల పక్షాన చెప్పవలసిన మాట కూడా చెబుతాను. రిజిస్ట్రేషనే వద్దని మా క్యాంపులలో కొందరు గట్టిగా వాదిస్తున్నారు. వారితో నేను ఏకీభవించను. దొంగతనం జరిగితే పట్టుకోవడానికి, బ్యాంకు అప్పు ఇవ్వడానికి, యంత్రం కింద కూలీ చేయో కాలో పడితే యజమాని ఎవరో తెలియడానికి నంబరు ఉండవలసిందే. చక్రాల కోత మిషనులు నా వాదన కిందికి రావు. అవి రాత్రిపూట వెనుక దీపం లేకుండా, ముందు కోత బల్ల కూడా విప్పకుండా రోడ్డు నిండా పోతూ ఉంటే సైకిలువాడు కాలువలోకి దిగవలసి వస్తున్నది. దమ్ము చక్రాలు విప్పకుండానే ట్రాక్టరును తారుమీద తోలుకొనిపోయే మహానుభావులూ మాలోనే ఉన్నారు. నిన్న వేసిన రోడ్డుమీద మరునాడు ఆ ఇనుప పళ్ల గుర్తులు చూస్తే ఎవరికైనా ఒళ్లు మండుతుంది. అటువంటివారికి జరిమానా వేయండి, నేను సాక్ష్యం చెబుతాను. నా అభ్యంతరం రోడ్డుమీద కాలు మోపని యంత్రాన్ని వీరితో కలిపి లెక్కగట్టడం గురించే.

బరువు చివరకు ఎవరిమీద పడుతున్నది? మిషను యజమాని పన్నును గంట అద్దెలో కలిపేస్తాడు. సన్నకారు రైతు, కౌలుదారు దానిని ధాన్యం అమ్మి కడతారు. పైగా కోత మిషనుకు ఏడాదిలో పని దొరికేది కొన్ని వారాలే. 2024 ఆగస్టులో మా ఆనకట్ట 19వ గేటు కొట్టుకొనిపోయినప్పుడు ఈ ఆయకట్టంతా గుండె చేత పట్టుకొని కూర్చున్నది. రెండవ పంటకు నీరు లేకపోయిన ఏడు మిషనుకు ఒక్క కోతే దిక్కు. నీరు లేదని పన్ను కాగితం సగం కాదు. కేంద్ర ప్రభుత్వం 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లమీద, కోత యంత్రాలమీద జి.ఎస్.టి.ని 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గించింది. సంతోషించినాము. కొనేటప్పుడు దక్కిన ఆ కాస్త వెసులుబాటు గట్టు దగ్గర కాగితాల తనిఖీలో కరిగిపోరాదు కదా.

పొరుగు రాష్ట్రం నంబరు చిక్కు ఇంకొకటి. కేంద్ర చట్టం 47వ సెక్షను ప్రకారం ఒక రాష్ట్రపు వాహనం మరొక రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటేనే కొత్త నంబరు తీసుకోవలెను. కర్ణాటక ప్రభుత్వం 2014లో తన పన్ను చట్టాన్ని సవరించి 30 రోజులు దాటితే జీవితకాలపు పన్ను అన్నది. 2016లో హైకోర్టు ఆ సవరణను కొట్టివేసింది. ఆ తగవు ముఖ్యంగా కార్లవారిది. అయినా ఇరవై రోజుల కోతకు వచ్చిన మిషనువాడిని ఆ పాత 30 రోజుల మాట చెప్పి బెదిరించేవారు ఇంకా ఉన్నారు.

ఈ తగవు మనకొక్కరికే వచ్చినదీ కాదు. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో చలికాలంలో మంచుమీద తిరిగే చిన్న బండ్లున్నాయి. వాటికీ కింద గొలుసు పట్టాయే. వాటినీ మామూలు బండి వెనుక ట్రైలరుమీద పెట్టి మంచుదాకా తీసుకొనిపోతారు. రోడ్డెక్కని బండికి రిజిస్ట్రేషను ఏమిటి, రుసుము ఏమిటి అని వాటి యజమానులకూ కోపమే. అయితే మిన్నెసోటా రాష్ట్రంలో ఆ రుసుమును, ఆ బండ్లు తాగే పెట్రోలుమీది పన్నులో ఒక వంతును ఆ బండ్లు నడిచే మంచుబాటలకే ఖర్చు చేస్తారు. ఇచ్చినవాడికి తన డబ్బు తన బాటమీద కనిపిస్తుంది. మా డొంకదారుల సంగతి చూడండి. కాలువగట్టు దాటినది మొదలు పొలందాకా మిషను పోవలసిన దారిని వానాకాలంలో మేమే మట్టి తోలి, తూములు వేసి నిలబెట్టుకొంటున్నాము. అందులో పన్ను డబ్బు ఒక్క గంపెడు మట్టిగా కూడా రాలేదు.

మేము కోరేది శాసనసభలో పెద్ద చట్టమేమీ కాదు. 3వ సెక్షను కిందనున్న ఆ వివరణకు ఒక్క వాక్యం చేరిస్తే చాలు. గొలుసు పట్టాలమీద నడిచేది, లారీమీద తప్ప రోడ్డు దాటనిది అయిన వ్యవసాయ యంత్రం రిజిస్టరైనంత మాత్రాన రోడ్డుకు తగినదని భావించరాదు అని. ఆ సవరణ వచ్చేలోగా రవాణాశాఖ కమిషనరు గారు అన్ని కార్యాలయాలకూ ఒకే జవాబు పంపవలెను. చైను మిషను వాహనమా కాదా, అయితే ఏ పద్దు కింద రాయవలెను, కాకపోతే మడిలోకి వచ్చి అడగడం ఎందుకు అన్నది రాతపూర్వకంగా ఉండవలెను. పంట మధ్యలో తనిఖీకి వచ్చినవారు ఏ లోపం కనబడినా కాగితం రాసుకొని వెళ్లవలెనేగాని కోతను ఆపరాదు. అపరాధం ఉంటే కోత అయిన తరువాత కట్టించుకోవచ్చును. యజమాని ఎక్కడికీ పారిపోడు, అతడి అద్దె బాకీలన్నీ మా ఊళ్లోనే ఉంటవి.

కర్నూలు, గద్వాల వైపునుంచి వచ్చే యంత్రాలకు కోతకాలపు అనుమతిపత్రం ఒకటి ఇస్తే సరిపోతుంది. దానికి ఒక్క పేజీ చాలును. యజమాని పేరు, ఇంజను నంబరు, తెచ్చిన లారీ నంబరు, పనిచేసే తాలూకా, వచ్చిన తేదీ, పోయే తేదీ. కన్నడంలోనే ఉండనివ్వండి, మా పిల్లలు నింపి ఇస్తారు.

ఇట్లు,
ఒక క్యాంపు రైతు,
సింధనూరు తాలూకా, రాయచూరు జిల్లా