ఏనుగుల పేర్లు కనిపెట్టింది ఏఐ కాదు బాబూ!

"ఏనుగులు ఒకదాన్నొకటి పేరు పెట్టి పిలుచుకుంటాయట, ఏఐ కనిపెట్టిందట!" 2024 జూన్ నుంచి ఈ ముక్క నాకెన్నిసార్లు ఫార్వర్డ్ అయిందో లెక్కలేదు. పంపినవాళ్ళంతా మన ఐటీ జనమే. ఒకాయనైతే కింద ఒక తోక కూడా తగిలించాడు: "ఇంక అడవులు పట్టుకు తిరిగేవాళ్ళతో పనేముంది?" నాకు ఒళ్ళు మండింది ఇక్కడే.

ఆ పేపరు 'నేచర్ ఎకాలజీ అండ్ ఎవల్యూషన్'లో వచ్చింది. కెన్యాలోని సంబురు, బఫెలో స్ప్రింగ్స్ రిజర్వుల్లోనూ అంబోసెలి పార్కులోనూ 1986 నుంచి 2022 దాకా రికార్డు చేసిన 469 పిలుపుల్ని మైకేల్ పార్డో బృందం తీసుకుంది. పిలిచినవి 101 ఏనుగులు, పిలుపు అందుకున్నవి 117. "ఈ పిలుపు ఎవరికి?" అని మోడల్ని అడిగితే 27.5 శాతం సార్లు సరిగ్గా చెప్పింది. అర్థంపర్థం లేని డేటా ఇచ్చి చూస్తే 8 శాతమే. బానే ఉంది. మరి ఆ మోడల్ ఏమిటయ్యా అంటే, రాండమ్ ఫారెస్ట్! 2001 నాటి సరుకు. మన ఫ్రెషర్ కూడా పది లైన్ల పైథాన్‌లో నడిపేస్తాడు.

కష్టమంతా లేబుల్స్‌లో ఉంది. ఒక్కో వరుసలో మూడు కాలమ్స్ అనుకోండి: ధ్వని, పిలిచిందెవరు, ఎవర్ని. మొదటిది మైకు పట్టేస్తుంది. మిగతా రెండూ? ఏనుగు గుర్రుమనే శబ్దంలో చాలా భాగం మన చెవికి ఆననంత మంద్రంగా ఉంటుంది. మందలో ఏది పలికిందో కళ్ళతో చూడాలి. ఆ సమయానికి దూరంగా ఉన్నదేది, తిరిగి బదులిచ్చిందేది, అదీ చూడాలి. అన్నిటికంటే ముందు, ఆ బూడిదరంగు గుట్టల్లో ఏది ఎవరో తెలియాలి. చెవి అంచున చిరుగులు, చిల్లులు, చెవి మీద నరాల అల్లిక, దంతాల వంపు - ఇవే గుర్తులు. పార్డో ఇందుకోసం 14 నెలలు కెన్యాలో బండిలో కూర్చుని వాటి వెంట తిరిగాడు. ఆయన వెళ్ళేసరికి అక్కడ ఏనుగులకి "ఐడీ"లు సిద్ధంగా ఉన్నాయంటే, సంబురులో 1997 నుంచీ, అంబోసెలిలో సింథియా మాస్ 1972లో మొదలుపెట్టినప్పటి నుంచీ ఎవరో ఒకరు ఆ పని మానకుండా చేస్తున్నారు కాబట్టి. (అంబోసెలిలో ప్రతి కుటుంబానికీ ఒక అక్షరాల కోడ్, పేర్లు ఆ అక్షరంతోనే మొదలవ్వాలి. ఈబీ కుటుంబం పెద్దమ్మ పేరు ఎకో, 2009లో పోయింది. మన ప్రాజెక్టుల్లో టెంప్1, టెంప్2 అని పెట్టేవాళ్ళు కాస్త నేర్చుకోవచ్చు.)

మన దగ్గర లేబులింగ్ ఎవరిచేత చేయిస్తాం? అందరికంటే తక్కువ జీతగాడి చేత. ఆ అలవాటుతోనే కదా, ఏనుగుల్ని గుర్తుపట్టడం కూడా అలాంటి చిల్లర పనేననుకుంటున్నాం!

ఇంకోటి చెప్తాను. మదపుటేనుగు అంటే మన మామ్మలకి కూడా తెలుసు. కానీ ఆఫ్రికా ఏనుగులకి మదమే లేదని చాలాకాలం శాస్త్రవేత్తల నమ్మకం. అక్కడ ఆడవాటికి కూడా కణతల దగ్గర స్రావం కారుతుంది కాబట్టి అది మదం కాదన్నారు. జాయిస్ పూల్, సింథియా మాస్ అంబోసెలి మగ ఏనుగుల్ని మొదట చూసి ఏదో జబ్బనే అనుకున్నారు. ఏ మగది ఏదో విడివిడిగా తెలుసు కాబట్టి, అదే ఏనుగు ఏటా దాదాపు అదే కాలంలో ఆ స్థితిలోకి వెళ్ళి బయటికి రావడం గమనించగలిగారు. 1981లో 'నేచర్' ప్రచురించింది. ఎవరు ఎవరో తెలియకపోతే అక్కడ కనిపించేది "కొన్ని ఏనుగులు తడిగా ఉన్నాయి" అన్నంత వరకే.

కాలర్లున్నాయి, డ్రోన్లున్నాయి కదా అంటారు. ఉన్నాయి, మంచివే, వద్దనను. ఏనుగు ఎక్కడికి వెళ్ళిందో జీపీఎస్ కాలర్ చెప్తుంది. ఎందుకు వెళ్ళిందో? టాంజానియాలోని టరంగిరేలో 1993 కరువులో తొమ్మిది నెలల్లో 81 పిల్లల్లో 16 చనిపోయాయి. పార్కు వదిలిపోయిన మందలకు నష్టం తక్కువ, వాటి పెద్దమ్మలు 1958-61 కరువు చూసిన వయసువి. కదలకుండా ఉండిపోయిన మందలో అంత వయసున్న ఆడవి అంతకుముందే దంతాల వేటగాళ్ళ చేతుల్లో పోయాయి. వయసులూ చుట్టరికాలూ ముందే రాసిపెట్టుకున్నవాళ్ళు లేకపోతే ఈ లెక్క తేలేదే కాదు. ఏనుగు కడుపుతో ఉండేదే 22 నెలలు, బతికేది అరవై ఏళ్ళు. మూడేళ్ళ గ్రాంటుతో, క్వార్టర్లీ డెలివరబుల్స్‌తో దీన్ని ఎలా కొలుస్తారో నాకైతే అంతుబట్టదు.

ఏమాటకామాట, పేర్ల సంగతి ఇంకా తేలిపోలేదు. 17 ఏనుగులకి రికార్డింగులు వినిపిస్తే, తమని పిలిచిన పిలుపుకి త్వరగా స్పందించాయి, అది గట్టి సాక్ష్యమే. కానీ ఆ గుర్రులో పేరున్న ముక్క ఏదో వాళ్ళు విడదీయలేకపోయారు. అందరూ ఒకే ఏనుగుని ఒకే పేరుతో పిలుస్తారా అన్నదానికీ ఆధారాలు అంతంతమాత్రమే. అది తేలాలంటే ఒకే ఏనుగుని వేరువేరు ఏనుగులు పిలిచిన రికార్డింగులు ఇంకా బోలెడు కావాలి. అవి ఏ క్లౌడ్‌లోనూ లేవు, స్క్రేప్ చేస్తే రావు. ఎవరో ఒకరు మళ్ళీ బండేసుకుని వెళ్ళి, ఇంజన్ ఆపి, మైకు పెట్టుకుని కూర్చోవాలి. ఆ మనిషికి జీతం ఎవరిస్తారో చెప్పండి, తర్వాత మోడల్ గురించి మాట్లాడుకుందాం.