నొప్పి దాకా ఆగని దంత వైద్యం కావాలి

పన్ను పుచ్చితే కడప జిల్లా కమలాపురం మనిషికి మొదట గుర్తొచ్చేది లవంగం. ఆ తర్వాత మందుల షాపులో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్ర. దవడ వాచి, రాత్రంతా కంటి మీద కునుకు లేనప్పుడే డాక్టరు గుర్తుకొస్తాడు. అప్పటికి రోగి నోట వచ్చేది ఒకే మాట: ‘పీకేయండి సార్, ఈ బాధ పోతే చాలు.’ పన్ను పోతుంది, బాధా పోతుంది. ఇంకో పన్ను నొప్పి పుట్టే వరకు ఆ మనిషి మళ్లీ ఆ గడప తొక్కడు.

ఇంకోవైపు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణాల్లో దంత వైద్యశాలలు పెరిగాయి. ఫ్లెక్సీలు, ఆటో మైకులు, వాట్సాప్ గ్రూపుల్లో తగ్గింపు ధరల ప్రకటనలు వాటి వెంటే వచ్చాయి. అప్పు తెచ్చి క్లినిక్ తెరిచిన యువ వైద్యుడు నిలదొక్కుకోవాలి, ఎదగాలి. అందులో తప్పు లేదు. ఎదిగే దారి ఏది అన్నదే ప్రశ్న. ప్రకటన రోగిని ఒక్కసారి రప్పిస్తుంది. వైద్యశాల బతికేది మాత్రం నొప్పి లేకుండా మళ్లీ వచ్చే రోగి మీద. కాబట్టి ప్రచారానికి పెట్టే డబ్బు, శ్రమ ఆ రెండో రాకను సంపాదించే సేవల మీద పెట్టాలి. రోగికీ వైద్యుడికీ మేలు చేసే దారి అదొక్కటే.

కుర్చీ ఖాళీగా ఉంటే

దంత వైద్యుడి ఆర్థిక స్థితి మామూలు డాక్టరు స్థితి లాంటిది కాదు. జ్వరానికి మందు రాసే డాక్టరు ఒక బల్ల, ఒక స్టెతస్కోపుతో మొదలుపెట్టగలడు. దంత వైద్యుడికి మొదటి రోజే కుర్చీ, కంప్రెసర్, ఎక్స్‌రే యంత్రం, పరికరాలను శుద్ధిచేసే ఆటోక్లేవ్ ఉండాలి. రోగి వచ్చినా రాకున్నా అద్దె, బ్యాంకు వాయిదా ఆగవు. దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలున్నాయి. మన కడపలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. అయిదేళ్లు చదివి బయటికొచ్చే వారికి ప్రభుత్వ కొలువులు బహు తక్కువ. సొంత క్లినిక్ తప్ప వేరే దారి లేనివాళ్లే ఎక్కువ.

ఖాళీ కుర్చీ చూసి కంగారుపడిన వైద్యుడు ‘సగం ధరకే’ అని బోర్డు కడతాడు. తగ్గించిన సగాన్ని ఎక్కడో రాబట్టుకోవాలి. అక్కడే పాడు బుద్ధికి చోటు దొరుకుతుంది. ఫిల్లింగ్‌తో ఆగే పన్ను రూట్ కెనాల్ దాకా పోతుంది, మామూలు క్యాప్ సరిపోయే చోట ఖరీదైన క్యాప్ పడుతుంది. అందరూ ఇలా చేయరు. నిజాయితీగా పనిచేసేవాళ్లే ఎక్కువమంది. కానీ ఒకరిద్దరు చేసినా అనుమానం అందరి మీదా పడుతుంది. కమలాపురం చిన్న ఊరు. ఇలాంటి ఊళ్లో ఒక కుటుంబం మోసపోయామనుకుంటే ఆ మాట ఎర్రగుంట్ల దాకా పోతుంది. దాన్ని ఏ ఫ్లెక్సీ తుడవలేదు.

నియమావళిలోనే దారి ఉంది

దంత వైద్యుల నైతిక నియమావళిని 2014లో సవరించారు. రోగులను ఆకర్షించడానికి ప్రకటనలివ్వడాన్ని అది నిషేధిస్తుంది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ తప్పేనంటుంది. మన పల్లెల్లో ఆర్‌ఎంపీల ద్వారా రోగులను తెప్పించుకునే అలవాటు ఎంతగా పాతుకుపోయిందో అందరికీ తెలుసు. ఆ కమీషన్ చివరికి పడేది రోగి బిల్లు మీదే. వైద్యసేవలు వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చింది. ఇచ్చిన హామీకి జవాబు చెప్పుకోవలసిన రోజు వస్తుందన్న సంగతి ఫ్లెక్సీ రాయించేవాళ్లు మరచిపోకూడదు.

ఈ నియమాలను చాలామంది యువ వైద్యులు సంకెళ్లుగా చూస్తారు. నిజానికి నియమావళి తలుపులన్నీ మూయలేదు. క్లినిక్ తెరిచినప్పుడు, చిరునామా మారినప్పుడు, వైద్యుడు ఊళ్లో లేనప్పుడు, తిరిగి వచ్చినప్పుడు ప్రజలకు తెలియజేయవచ్చు. ఫీజులు ప్రకటించవచ్చు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎంత? రోగికి కావలసిన సమాచారమంతా ఈ నాలుగు ప్రశ్నల్లోనే ఉంది.

ఫీజు విషయంలో మన జిల్లాకే ఒక అనుభవం ఉంది. వై.ఎస్. రాజశేఖరరెడ్డి వైద్యవిద్య ముగించాక జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేశారు. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టారు. రూపాయి డాక్టరన్న పేరు ఆయనకు రాజకీయాల కంటే ముందే వచ్చింది. ఈ కాలంలో కడపలో పది రూపాయల ఫీజుతో వైద్యం చేస్తున్న డాక్టర్ నూరి పర్వీన్‌ను జనం చేరదీసిన తీరూ చూశాం. దంత వైద్యం పది రూపాయలకు సాధ్యం కాదు. మత్తు సూది, ఫిల్లింగ్ మందు, ల్యాబ్‌లో చేయించే క్యాప్, అన్నిటికీ ఖర్చుంది. తక్కువ ఫీజును అనుకరించలేకపోవచ్చు గానీ, అందులోని కీలకాన్ని అందుకోవచ్చు. ఆ డాక్టర్ల దగ్గర లోపలికి అడుగుపెట్టక ముందే ఎంత అవుతుందో రోగికి తెలుసు. పంటి ఆసుపత్రి అంటే పేదకు నొప్పి కంటే బిల్లు భయమే పెద్దది. ఫిల్లింగ్‌కు ఎంత, రూట్ కెనాల్‌కు ఎంత, క్యాప్‌కు ఎంత అని తెలుగులో పెద్ద అక్షరాలతో గోడ మీద రాసిపెట్టాలి. వైద్యం మొదలుపెట్టే ముందు మొత్తం ఖర్చు కాగితం మీద రాసివ్వాలి. చేయించుకోకపోతే ఏమవుతుందో, చవకైన మార్గం ఏదో కూడా చెప్పాలి.

ఏ సేవ ముందు, ఏది తర్వాత

సేవలు విస్తరించడం అనగానే ఇంప్లాంట్లు, పారదర్శక క్లిప్పులు, చిరునవ్వు మార్చే సౌందర్య చికిత్సలే తలపుకొస్తాయి. లాభం వాటిలో ఎక్కువ కావచ్చు, అవసరం మాత్రం వేరేచోట ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నివేదిక ప్రకారం ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మంది నోటి జబ్బులతో ఉన్నారు. వారిలో ప్రతి నలుగురిలో ముగ్గురు మనలాంటి మధ్య ఆదాయ దేశాల వాళ్లే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది వైద్యం అందని పుప్పి పన్ను.

పుప్పి ఒక్క రోజులో ముదరదు. పైపొర దెబ్బతిన్నప్పుడు చిన్న ఫిల్లింగ్ చాలు. లోపలి పొర దాటి నరానికి తగిలితే రూట్ కెనాల్, దాని మీద క్యాప్. అదీ దాటితే పన్ను తీసి, ఆ ఖాళీలో బ్రిడ్జో ఇంప్లాంటో పెట్టాలి. మెట్టు మెట్టుకూ ఖర్చు అంతకంతకూ పెరుగుతుంది. మొదటి మెట్టులో నొప్పి ఉండదు గనుక ఎవరూ రారు. క్లినిక్ ముందుగా విస్తరించవలసింది ఆ మొదటి మెట్టులోకే.

అందుకు బడి అన్నిటికంటే మంచి చోటు. పిల్లలకు ఆరేళ్లప్పుడు పాలపళ్ల వెనక కొత్త దవడ పన్ను వస్తుంది. ఏ పన్నూ ఊడకుండా వస్తుంది గనుక చాలామంది తల్లిదండ్రులు దాన్నీ పాలపన్నే అనుకుంటారు. ‘ఎట్లాగూ ఊడిపోతుంది గదా’ అని పుచ్చనిస్తారు. అది జీవితాంతం ఉండవలసిన పన్ను. ఆ పంటి గాడులను పూతతో మూసేస్తే పుప్పి పట్టే అవకాశం చాలా తగ్గుతుంది. కమలాపురం చుట్టుపక్కల బడుల్లో ఏడాదికి రెండుసార్లు ఈ ఒక్క పన్నును చూసి, తల్లికి చీటీ రాసిచ్చే వైద్యుణ్ని ఏ కుటుంబం మరచిపోతుంది?

జిల్లా పడమటి మండలాల్లోని కొన్ని ఊళ్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ ఊళ్ల పిల్లల పళ్ల మీద పసుపు, గోధుమ రంగు మచ్చలు పడతాయి. పన్ను లోపల తయారయ్యే వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్ల లోపు తాగిన నీటి వల్లే అవి వస్తాయి. ఎంత తోమినా పోవు. ఆ మచ్చలు చూసి పెళ్లి సంబంధాల దగ్గర ఆడపిల్లలు పడే బాధ చిన్నది కాదు. వాళ్లకు ఏ చికిత్సతో ఎంత ఫలితముంటుందో ఉన్నదున్నట్టు చెప్పాలి. ‘ఒక్క సిట్టింగులో తెల్లని పళ్లు’ అని ఆశపెట్టడం అన్యాయం.

ఖైనీ, గుట్కా, వక్కపొడి నమిలే వారి నోట్లో తెల్లమచ్చలు, నోరు పూర్తిగా తెరవలేకపోవడం ముందే కనిపెడితే క్యాన్సర్‌ను అడ్డుకునే వీలుంటుంది. ఏ పనికి వచ్చిన రోగికైనా బుగ్గల లోపలి భాగం, నాలుక అడుగు చూడటానికి రెండు మూడు నిమిషాలు చాలు. చక్కెర వ్యాధి ఉన్నవారికి చిగుళ్ల జబ్బు తొందరగా ముదురుతుంది. చిగుళ్లు పాడైతే చక్కెర అదుపు తప్పుతుంది. ఊళ్లోని షుగరు డాక్టరుతో కలిసి పనిచేస్తే ఇద్దరి రోగులకూ మేలు. ముసలివాళ్ల సంగతి మరీ ముఖ్యం. పళ్లు లేకున్నా సంగటి మింగొచ్చు గానీ జొన్నరొట్టె నమలలేరు. సరిగ్గా అమరే కట్టుడు పళ్లు వాళ్ల తిండిని, దాంతోపాటు ఆరోగ్యాన్ని నిలబెడతాయి.

ఇవన్నీ కుదురుకున్నాక పెద్ద చికిత్సలకు ప్రొద్దుటూరు నుంచో కడప నుంచో నిపుణుణ్ని వారానికో రోజు పిలిపించుకోవచ్చు. ఆ రోజేదో ముందే చెబితే రోగికి బస్సు ఖర్చు, కూలి రెండూ మిగులుతాయి. కువైట్ నుంచి సెలవు మీద వచ్చినవారు నెలలోపే అన్నీ ముగించమని తొందరపెడతారు. ఎముక కుదురుకోవలసిన ఇంప్లాంట్ పనిని గబగబా కట్టిపెట్టడం కంటే, సమయం చాలదని చెప్పి పంపిన వైద్యుడికే పేరు నిలుస్తుంది.

కంటి వైద్యం చూపిన బాట

మేడ మీద గది తీసుకుని రోగుల కోసం ఎదురుచూసే పద్ధతి ఒక్కటే వైద్యం కాదని తెలుగు నేల మీదే రుజువైంది. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాద్‌లో 1987లో మొదలుపెట్టిన ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి, యాభై వేల జనాభాకు ఒకటి చొప్పున పల్లెల్లో ప్రాథమిక కంటి కేంద్రాలు నెలకొల్పే పద్ధతి తెచ్చింది. స్థానిక యువతకే శిక్షణనిచ్చి వాటిలో కూర్చోబెట్టింది. అవసరమైన వాళ్లే పై ఆసుపత్రికి వెళతారు. దంత వైద్యానికీ అలాంటి అంచెలు కావాలి. 1948 నాటి దంత వైద్యుల చట్టమే డెంటల్ హైజీనిస్టులను నమోదు చేసుకునే వీలు కల్పించింది. కమలాపురం, వీరపునాయునిపల్లె, వేముల వంటి మండలాల అమ్మాయిలకు ఆ చదువు చెప్పిస్తే బడుల్లో, అంగన్‌వాడీల్లో నోటి పరీక్ష, గార తీయడం, తోమే పద్ధతి నేర్పడం వాళ్లే చేయగలరు.

ఉచిత శిబిరాలూ మారాలి. ఫొటోలు దిగి, ఒక పేస్టు గొట్టం చేతిలో పెట్టి పంపే శిబిరం వల్ల ఒక్క పన్నూ మిగలదు. పుప్పి బయటపడిన ప్రతివారికి ఫిల్లింగ్ పడిందా లేదా అని లెక్క చూసే శిబిరం కావాలి. ‘పైపన్ను పీకిస్తే చూపు పోతుంది’, ‘గార తీయిస్తే పళ్లు కదులుతాయి’ అన్న భయాలను అక్కడే కూర్చుని ఓపికగా తీర్చాలి. పంటి వేరుకూ కంటి చూపుకూ సంబంధం లేదు. గార కింద చిగురు ముందే వదులై ఉంటుంది. గార తీయగానే ఆ సంగతి బయటపడుతుంది, అంతే.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ దవడ ఎముకలు విరిగినప్పుడు, నోటి క్యాన్సర్ వచ్చినప్పుడు పేదను ఆదుకుంది. రోజువారీ ఫిల్లింగ్, రూట్ కెనాల్ ఖర్చు మాత్రం ఇంటిదే. కనీసం బడి పిల్లల ఫిల్లింగులకైనా ప్రభుత్వం ధర నిర్ణయించి, ప్రైవేటు క్లినిక్కులకు చెల్లించే ఏర్పాటు చేయాలి. పిల్లల పళ్లు నిలుస్తాయి, ఖాళీ కుర్చీలూ నిండుతాయి. కడప దంత వైద్య కళాశాల తన హౌస్ సర్జన్లను మండలాల వారీగా బడులకు పంపాలి.

కమలాపురంలో, దాని చుట్టుపక్కల క్లినిక్ తెరవబోతున్న యువ దంత వైద్యులకు ఒక మనవి. ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో ధరల బోర్డు రాయించండి. కమీషన్‌కు పెట్టే డబ్బుతో ఒక బడిని దత్తత తీసుకోండి. పీకకుండా నిలబెట్టిన ప్రతి పన్ను ఇంకో ఇంటిని మీ దగ్గరికి తెస్తుంది. ఇది చదువుతున్న తల్లిదండ్రులకూ ఒక మాట: మీ బిడ్డకు ఆరేళ్లు నిండితే, నొప్పి లేకపోయినా సరే, ఈ నెలలోనే ఒకసారి పళ్లు చూపించండి.