ఇంగ్లీషు మాటలు బట్టీపడితే నిలవవు

మొన్న సాయంకాలం మా ఊరి రచ్చబండ మీద పదో తరగతి చదివే కుర్రవాడొకడు గైడు పట్టుకొని ఇంగ్లీషు మాటలకు అర్థాలు వల్లె వేస్తున్నాడు. "ఎన్విరాన్‌మెంట్ అంటే పర్యావరణం, ఎన్విరాన్‌మెంట్ అంటే పర్యావరణం" అంటున్నాడు. పక్కన కూర్చున్న పెద్దాయన ఉండబట్టలేక "పర్యావరణమంటే ఏందిరా అబ్బీ?" అని అడిగాడు. కుర్రవాడు గైడు వంక చూశాడు. అందులో అంతకుమించి లేదు. "అదే తాతా, ఎన్విరాన్‌మెంట్" అన్నాడు. అక్కడున్న వాళ్ళమంతా నవ్వాం.

నవ్వి ఊరుకోవలసిన సంగతి కాదిది. ఆ పిల్లవాడు నేర్చుకున్నది ఒక తెలియని మాటకు ఇంకొక తెలియని మాట. చెట్టూ చేమా, గాలీ నీరూ, మన చుట్టూ ఉన్నదంతా కలిపి పర్యావరణమని ఎవరైనా ఒక్కసారి విడమరిచి చెప్పి ఉంటే రెండు మాటలూ అతనికి జన్మలో మరపురావు. పరీక్ష దాకా నిలిచి, ఆ మర్నాడే మరిచిపోయే చదువు వల్ల ప్రయోజనమేమిటి?

మన కడప జిల్లా పల్లెల నుంచి ఏటా ఎందరో పిల్లలు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకొని ఇంటర్‌కో, పాలిటెక్నిక్‌కో పోతున్నారు. అక్కడ లెక్కలు, సైన్సు చాలాచోట్ల ఇంగ్లీషులోనే చెబుతారు. లెక్క రాక కాదు, లెక్కలో అడిగిన మాట అర్థం కాక వెనకబడే వారున్నారు. నలుగురిలో అడగడానికి నామోషీపడి, చివరికి చదువు మాని ఇంటికి వచ్చిన వారూ ఉన్నారు. తల్లిదండ్రులు చేసిన అప్పు మాత్రం అలాగే ఉంటుంది.

అలాగని ఇంగ్లీషు మనకు బొత్తిగా రాదనుకోవడం పొరపాటు. బడి మెట్లెక్కని రైతు కూడా రోజూ ట్రాక్టరు, మోటారు, స్టార్టరు, పైపు, లోను, ఫారం అంటూ ఎన్నో ఇంగ్లీషు మాటలు వాడుతున్నాడు. పిల్లలకు ఈ మాటల నుంచే చదువు మొదలుపెట్టాలి. ఉదాహరణకు, ఫారం అనే మాటకు రూపమనే అర్థముంది. యూనిఫారం అంటే అందరికీ ఒకే రూపంలో ఉండే దుస్తులు. ట్రాన్స్‌ఫార్మరు అంటే మార్చేది. ఎక్కువ వోల్టేజి కరెంటును మన మోటారుకు తగినట్టు మారుస్తుంది. రిఫారం అంటే ఉన్నదాన్ని మెరుగైన రూపానికి తేవడం, అంటే సంస్కరణ. ఇలా ఒక్క మాట పట్టుకుంటే దాని చుట్టాలన్నీ వెంట వస్తాయి. కలెక్టరు, ఇన్‌స్పెక్టరు వంటి మాటలకూ ఇలాంటి కుటుంబాలే ఉన్నాయి.

అయితే ఒక జాగ్రత్త అవసరం. మనం కరెంటు అంటే విద్యుత్తే అనుకుంటాం. ఇంగ్లీషులో ఏటి ప్రవాహమూ కరెంటే, ప్రస్తుతం నడుస్తున్నదీ కరెంటే. మనకు షుగరు అంటే జబ్బు, వారికి పంచదార. కాబట్టి మాటను ఒంటరిగా కాక, వాక్యంలో పెట్టి నేర్పాలి.

ఈ పద్ధతి మనకు కొత్తది కాదు. 1820లో మన కడపకు ఉద్యోగానికి వచ్చిన సి.పి. బ్రౌన్ దొరగారు పండితులను దగ్గర పెట్టుకొని తెలుగు పుస్తకాలు చదివారు, వేమన పద్యాలు సేకరించారు, జనం నోటి మాటనూ విన్నారు. 1852లో అచ్చయిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో మాటకు అర్థమే కాదు, దాన్ని ఎలా వాడతారో కూడా చూపించారు. పరాయి దేశస్థుడు మన భాషను వాడుకలో పట్టుకున్నాడు. ఆయన పేరిట గ్రంథాలయం ఉన్న జిల్లాలో మన పిల్లలు గైడులోని జాబితాలు వల్లె వేయడం విచారకరం. మన మాట కూడా ఇంగ్లీషులోకి పోయిందని పిల్లలకు చెప్పండి. మన పందికొక్కే అక్కడ బాండికూట్ అయింది. ఇది విన్న పిల్లవాడికి ఇంగ్లీషంటే భయం కొంత తగ్గుతుంది.

ఇందుకు పెద్ద ఖర్చేమీ అక్కరలేదు. రోజుకు అయిదు మాటలు చాలు. ఏడాదికి 220 పనిదినాలనుకుంటే 1,100 మాటలవుతాయి. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా 5,500. ప్రతి మాటకూ పిల్లవాడు తన ఇంటి గురించో, చేను గురించో సొంతంగా ఒక వాక్యం రాయాలి. గైడు చూసి రాసిన వాక్యం పనికిరాదు. నేర్చిన మాటను వారం తరువాత ఒకసారి, నెల తరువాత ఒకసారి మళ్ళీ అడగాలి.

2020-21 నుంచి మన రాష్ట్రంలో ప్రభుత్వ బడులకు ఒక పుటలో ఇంగ్లీషు, ఎదుటి పుటలో తెలుగు ఉన్న పుస్తకాలు ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి ఏర్పాటే. ముందు తెలుగు పుట చదివి సంగతి గ్రహించి, తరువాత ఇంగ్లీషు పుటలో తెలియని మాటను ఊహించమని ఉపాధ్యాయులు చెప్పాలి. తెలుగులో సంగతి అర్థమైన వాడికే ఇంగ్లీషు మాట నిలుస్తుంది. తెలుగును మూలకు నెడితే ఇంగ్లీషు వస్తుందనుకోవడం భ్రమ.

ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు తామేం చేయగలమని దిగులుపడనక్కరలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు "ఈ రోజు నేర్చిన అయిదు మాటలు ఏవిరా? వాటి సంగతి తెలుగులో చెప్పు" అని అడిగితే చాలు. మీకు అర్థమయ్యేలా పిల్లవాడు చెప్పగలిగితే వాడికి ఆ మాట వచ్చినట్టే.

ఇక అధికారులకొక మనవి. మనం ఇంటిపన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో ప్రతి శాఖా గ్రంథాలయంలో మంచి ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులు, తేలికైన ఇంగ్లీషు కథల పుస్తకాలు ఉంచాలి. బడిలో తరగతికొక నిఘంటువైనా ఉండాలి. అది బీరువాలో తాళం వేసి కాదు, పిల్లల చేతికి అందేచోట ఉండాలి. నిఘంటువు చూడడం ఎలాగో కూడా నేర్పాలి.

ఆ రచ్చబండ కుర్రవాడికి తెలివి తక్కువై తడబడలేదు. మాటలు మనం చూపించిన గైడులో వెతికాడు, అంతే. చుట్టూ ఉన్న చేలో, ఇంట్లో, బజారులో వెతకమని చెప్పవలసిన బాధ్యత పెద్దలదీ, ఉపాధ్యాయులదీ.