అమ్మకు వీసా... మరి అమ్మాయికి?

ఎల్బీనగర్‌లో ఓ మధ్యతరగతి ఇల్లు. అమ్మ స్టాఫ్‌నర్సు. బ్రిటన్‌లోని ఓ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చినట్లు కబురందింది. ఇంటిల్లిపాదికీ సంబరమే. నాన్న సూట్‌కేసుల లెక్కల్లో ఉన్నాడు. తొమ్మిదో తరగతి చదివే చిన్నాడు మంచు గురించి అడుగుతున్నాడు. అప్పుడే దిల్‌సుఖ్‌నగర్‌ కోచింగ్‌ సెంటర్‌ నుంచి వచ్చిన పెద్దమ్మాయి మాత్రం ఒకే ఒక్క మాట అడిగింది. 'అమ్మా, జూన్‌లో నాకు పద్దెనిమిది నిండుతాయి కదా... నన్ను రానిస్తారా?'

ఎవరి దగ్గరా జవాబు లేదు. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 'ముందు ఒకరం వెళ్లి కుదురుకుంటాం, ఏడాది తర్వాత మిగతావాళ్లు రావచ్చు' అనుకోవడం మనకు అలవాటు. పసిపిల్లలైతే ఫర్వాలేదు. ఎదిగిన పిల్లలుంటే మాత్రం ఆ ఏడాదే కొంప ముంచుతుంది.

దరఖాస్తు రోజే కీలకం

బ్రిటన్‌కు మొదటిసారి డిపెండెంట్‌గా వెళ్లే బిడ్డకు దరఖాస్తు చేసేనాటికి 18 ఏళ్లు నిండకూడదు. ముందురోజు చేసినా చెల్లుతుంది, మర్నాడు చేస్తే చెల్లదు. పైన చెప్పిన అమ్మాయి తల్లితోపాటే దరఖాస్తు చేస్తే సరి. అక్కడికి వెళ్లాక 18 నిండినా, పెళ్లి కాకుండా అమ్మానాన్నల మీదే ఆధారపడి ఉంటే వీసా పొడిగించుకోవచ్చు. సాధారణంగా తల్లీతండ్రీ ఇద్దరూ అక్కడ ఉండాలి, లేదా వెళ్తూ ఉండాలి.

అందరికీ ఈ వీలు లేదు. వృద్ధుల సంరక్షణ చూసే కేర్‌వర్కర్లు కుటుంబాన్ని తీసుకెళ్లడాన్ని 2024 మార్చి 11 నుంచి ఆపేశారు. నర్సులకు ఆ అడ్డు లేదు. ఉద్యోగం పేరు ఏమని రాశారో చూసుకోవాలి.

ఇరవై ఒకటి దాటితే...

అమెరికాలో చిక్కు మరోలా ఉంటుంది. హెచ్‌-1బి వీసా ఉన్నవారి పిల్లలకు హెచ్‌-4 ఇస్తారు. అది 21 ఏళ్లు నిండేదాకానే. చిన్నప్పుడే వెళ్లి అక్కడే పెరిగినా ఆ పుట్టినరోజుకల్లా ఎఫ్‌-1 స్టూడెంట్‌ వీసా లాంటి మరో దారి చూసుకోవాలి. లేదంటే తిరిగి రావాలి. ఉద్యోగం ద్వారా గ్రీన్‌కార్డు కోరే మనవాళ్లకు ఏళ్ల తరబడి క్యూ. అది కదిలేలోపే పిల్లలకు వయసు మీరిపోతోంది. 2002లో వచ్చిన పిల్లల రక్షణ చట్టం కొంత ఊరటే. పిటిషన్‌ పరిశీలనలో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేస్తారు. క్యూలో గడిచిన ఏళ్లను మాత్రం తీసెయ్యరు.

కాస్త వెసులుబాటు

కెనడా శాశ్వత నివాసానికి 22 ఏళ్లలోపు అవివాహిత పిల్లల్ని తల్లిదండ్రులతో కలిపి చూస్తారు. పూర్తి దరఖాస్తు అందిన రోజున్న వయసే లెక్క. ఆస్ట్రేలియా నైపుణ్య వీసాల్లో అమ్మానాన్నల మీద ఆధారపడిన పిల్లలకు 23 నిండేదాకా అవకాశం ఉంది. దుబాయ్‌ ఉన్న యూఏఈలో 2022 నుంచి కొడుకులకు 25 ఏళ్ల వరకూ, పెళ్లికాని కూతుళ్లకు వయసుతో పనిలేకుండా స్పాన్సర్‌ చెయ్యొచ్చు.

వయసు దాటిపోతే?

దారి మూసుకుపోయినట్లేం కాదు. చదువు పేరుతో సొంతంగా స్టూడెంట్‌ వీసాకు వెళ్లొచ్చు. బ్రిటన్‌ స్టూడెంట్‌ వీసాకు కావాల్సిన సొమ్ము తల్లిదండ్రుల ఖాతాలో ఉన్నా ఒప్పుకుంటారు. అది 28 రోజులపాటు కదలకుండా ఉండాలి. బంధుత్వం రుజువుకు జనన ధ్రువపత్రం, వాళ్ల సమ్మతి లేఖ జతచెయ్యాలి. ఖర్చు మాత్రం డిపెండెంట్‌ వీసాకన్నా చాలా ఎక్కువ. డిగ్రీ ఇక్కడే పూర్తిచేసి పీజీకి వెళ్లడం చాలా ఇళ్లకు తేలికైన దారి.

ముందు బీరువా తెరవండి

బడిలో చేర్చేటప్పుడు నాలుగు నెలలు అటూఇటూ వేయించిన పుట్టినతేదీలు మన ఇళ్లలో కొత్తకాదు. పదో తరగతి మెమోలో ఒకటి, మున్సిపాలిటీ ఇచ్చిన ధ్రువపత్రంలో మరొకటి ఉంటే వీసా దగ్గర ఇబ్బందే. పాస్‌పోర్టుతో సహా మూడూ ఒకేలా ఉన్నాయా, ఇంటిపేరు, తల్లి పేరు ఒకే అక్షరాలతో ఉన్నాయా చూసుకోండి. తేడా ఉంటే ఆఫర్‌ లెటర్‌ రాకముందే సరిచేయించుకోవాలి. 'వయసు దాటినా మేం చూసుకుంటాం' అనే ఏజెంట్‌ మాట నమ్మొద్దు. మోసపు పత్రాలతో దొరికితే బ్రిటన్‌ తలుపు పదేళ్లు మూసుకుపోవచ్చు. నిబంధనలు తరచూ మారుతుంటాయి కాబట్టి దరఖాస్తుకు ముందు ఆ దేశ ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మరోసారి సరిచూసుకోవాలి.

ఉద్యోగం ఒప్పుకునేముందు జీతం ఎంతని అడుగుతాం. దాంతోపాటు పెద్దబిడ్డ పుట్టినతేదీనీ క్యాలెండర్‌ పక్కన పెట్టి చూసుకోవాలి. ఇంకా గడువుంటే అందరూ కలిసి దరఖాస్తు చెయ్యొచ్చు. గడువు లేదంటే ఆ సంగతి బిడ్డకు ముందే చెప్పి, తను ఎక్కడ ఉండాలో, ఏం చదవాలో తనతో కూర్చుని ఆలోచించాలి. విమానం టికెట్లు కొన్నాక చెబితే, వదిలేసి వెళ్తున్నారన్న బాధ ఆ పిల్లకు జీవితాంతం ఉంటుంది.